ముందు బీపీ మిషన్, ఆ తర్వాతే నేను

నేను సీటీ స్కాన్ మిషన్‌ని. తెనాలిలో ఒక స్కానింగ్ సెంటర్లో ఉంటాను. నన్ను రూపొందించినవాడు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంగ్లండ్ ఇంజినీరు. 1971లో లండన్‌లో మా వంశపు తొలి మిషన్ పుర్రె కోయకుండానే మనిషి మెదడును చూపించింది. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కూ, అలన్ కార్మాక్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది.

తల చుట్టూ ఎక్స్‌రేలు తిప్పి, పొరలు పొరలుగా బొమ్మలు తీయడం నా పని. అందులో మెదడు బూడిద రంగులోనూ, తాజా నెత్తురు తెల్లగానూ కనిపిస్తాయి. పక్షవాతం రాగానే ముందు నా దగ్గరికి తెచ్చేది ఇందుకే. నరం పూడుకుపోయి వచ్చిన పక్షవాతానికి నాలుగున్నర గంటల లోపల గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. నరం చిట్లి వచ్చినదానికి అదే ఇంజెక్షన్ ప్రాణం తీస్తుంది. ఏది ఏదో పైనుంచి చూసి చెప్పలేరు.

బాపట్ల నుంచీ రేపల్లె నుంచీ 108లో, ఆటోల్లో వస్తుంటారు. గాలి సోకిందని, పావురం నెత్తురు రాయించి ఆలస్యంగా తెచ్చేవాళ్ళూ ఉన్నారు. ఒకరోజు రేపల్లె వైపు నుంచి ఒక రైతును తెచ్చారు. తలనొప్పి అన్నాడట, వాంతి చేసుకున్నాడట, ఆ తర్వాత స్పృహ లేదు. తీసిన బొమ్మలో ఎడమవైపు లోతున సన్నటి నల్లటి చీలిక ఉంది. అది ఎప్పుడో చిట్లి ఆరిన గాయం. కుడివైపు, సరిగ్గా అంతే లోతున, తాజా నెత్తురు తెల్లగా నిండి ఉంది.

"మొదటిసారి తేరుకున్నారు బాబూ. బాగానే ఉన్నాను కదా అని బీపీ బిళ్ళలు మానేశారు," అంది ఆయన భార్య.

రెండు వైపులా అదే చోట ఎందుకంటే, అక్కడి నరాలు పెద్దకాలువ గట్టు నుంచి నేరుగా తీసిన పిల్లకాలువల్లాంటివి. సన్ననివే అయినా పెద్ద నరంలోని ఒత్తిడంతా వాటి మీదే పడుతుంది. ఏళ్ళ తరబడి బీపీ ఎక్కువగా ఉంటే రెండు పక్కలా వాటి గోడలు బలహీనపడతాయి. రెండు పక్కలా ఒకేసారి చిట్లడం అరుదు. ఒక పక్క చిట్లిన మనిషికి రెండో పక్క కూడా ప్రమాదంలోనే ఉందని మాత్రం మరువకూడదు. ఎడమ మెదడు కుడి చేతినీ కాలినీ నడిపిస్తుంది, కుడి మెదడు ఎడమవాటిని. రెండూ దెబ్బతింటే మాటా, మింగడమూ కూడా కష్టమవుతాయి.

1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రాణం తీసింది మెదడులో రక్తస్రావమే. ఆయన బీపీ విపరీతంగా ఉందని డాక్టర్లకు ముందే తెలుసు, దాన్ని దించే మంచి మందే అప్పటికి లేదు. అంతటి మనిషికి దొరకని మందు ఇవాళ రేపల్లెలో ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది.

నేను చూపించేది జరిగిపోయిన నష్టాన్నే. బీపీ మిషన్ రాబోయేదాన్ని చెబుతుంది. బీపీకి నొప్పి ఉండదు కాబట్టి, ఒంట్లో బాగానే ఉన్నా కొలిపించుకోండి. మళ్ళీ మళ్ళీ 140/90 దాటుతుంటే డాక్టరును కలవండి. ఆవకాయలో, ఎండుచేపల్లో ఉప్పు తగ్గించండి. డాక్టరు చెప్పకుండా బిళ్ళ మానకండి. మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి.