రెండో పేరు

జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు. ఈ నాలుగు నెలల మొదటి వారంలో పోస్టాఫీసు వరండాలో బెంచీలు చాలవు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము వడ్డీ మూడు నెలలకోసారి పడేది అప్పుడే. వడ్డీ దానంతటదే ఖాతాలోకి వచ్చేస్తుందని అందరికీ తెలుసు. అయినా పాసుపుస్తకంలో అచ్చు వేయించుకుని, ఆ అంకె కళ్ళారా చూసుకుంటే గానీ పెద్దవాళ్ళకు మనసు కుదుటపడదు. తెనాలిలో ఆ కౌంటరు వెనక ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరైనవాణ్ణి నేను. ఇప్పుడు వరండాలో కూర్చుని, చూపు ఆననివాళ్ళకు ఫారాలు నింపి పెడుతుంటాను.

ఆ బెంచీ మీద కూర్చుంటే ఇళ్ళలోని తగాదాలన్నీ చెవిన పడతాయి. ఒకావిడ ఫోనులో కూతురికి సంజాయిషీ ఇచ్చుకుంటుంది, చిట్టీ పాడిన డబ్బు తమ్ముడికెందుకిచ్చిందో. ఒకాయన కొడుకు అపార్టుమెంటుకు అడ్వాన్సు కట్టాలంటే డిపాజిట్టు మధ్యలోనే తీసేస్తాడు, రెండేళ్ళు నిండలేదు కాబట్టి అసలులో నూటికి రూపాయిన్నర కోత పడుతుందని చెప్పినా వినడు. ఉన్నదంతా పిల్లల పేర రాసిచ్చేసి, మనోవర్తి కోసం ఆర్డీవో ఆఫీసులో అర్జీ పెట్టుకోవచ్చట కదా అని గొంతు తగ్గించి అడిగినవాళ్ళూ ఉన్నారు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం అందుకే ఉంది. కానీ ఆ అర్జీ రాసేటప్పుడు కన్నతల్లి చెయ్యి ఎలా వణుకుతుందో దగ్గరుండి చూశాను. అలాంటి రోజు ఏ ఇంటికీ రాకూడదని మనసారా కోరుకుంటాను.

పోయిన ఏడాది జూలైలో లెక్కల మాస్టారు కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. సరిగ్గా చెప్పాలంటే కొడుకే ఆయన్ని కారులో తీసుకొచ్చాడు. మాస్టారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. 2005లో రిటైరయ్యారు. భార్య పోయి రెండేళ్ళయింది. బట్టల కొట్టువాడిచ్చిన ప్లాస్టిక్ కవరు, దానికి రెండు చుట్లు రబ్బరు బ్యాండు, లోపల పాసుపుస్తకాలు, ఏటా ఏప్రిల్‌లో ఇచ్చిన 15హెచ్ ఫారాల నకళ్ళు తారీఖుల వారీగా. క్లాసులో సుద్దముక్కలను కూడా లెక్కపెట్టి పెట్టెలో సర్దిన మనిషి ఆయన.

2020 జూలైలో మూతికి మాస్కు కట్టుకుని వచ్చి ఈ స్కీములో పదిహేను లక్షలు వేశారు. అప్పట్లో ఒక మనిషికి పరిమితి అంతే, 2023లో ముప్ఫై చేశారు. వడ్డీ 7.4 శాతం, మూడు నెలలకు 27,750 రూపాయలు. అయిదేళ్ళు నిండాయి. ఇంకో మూడేళ్ళు పొడిగిస్తే కొత్త రేటు 8.2 వర్తిస్తుంది, మూడు నెలలకు 30,750 వస్తుంది. మాస్టారు ఆ లెక్క ఇంటి దగ్గరే క్యాలెండరు వెనక వేసుకుని వచ్చారు. ఆయనకు కావలసింది పొడిగింపు ఫారం.

కొడుక్కి కావలసింది వేరు. ఖాతా మూసేసి, కొత్తగా ఒక సేవింగ్స్ ఖాతా తెరిచి ఆ డబ్బు అందులో వేసి, తన పేరు రెండో పేరుగా పెట్టించాలి. ఈ స్కీములోనే చేర్చవచ్చు గదా అంటే కుదరదు. ఇందులో రెండో పేరు భార్యదో భర్తదో అయితేనే ఒప్పుకుంటారు. పిల్లలు నామినీలు కావచ్చు, అంతవరకే.

ఆ అబ్బాయి చెడ్డవాడు కాడు. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, యాభైకి దగ్గర పడుతున్న వయసు. నెలకోసారి అయిదారు గంటలు కారు నడుపుకుంటూ వస్తాడు. తండ్రి బీపీ మాత్రలు, ఇన్వర్టరు బ్యాటరీ, పళ్ళ డాక్టరు, అన్నీ వాడే చూస్తాడు. వాడి భయం కూడా ఉత్తి భయం కాదు.

“బాబాయ్‌గారూ, మీరే చెప్పండి,” అన్నాడు. “రాత్రి రెండింటికి ఈయనకు గుండెనొప్పి వచ్చిందనుకోండి. ఆస్పత్రివాళ్ళు ముందు డబ్బు కట్టమంటారు. నేను హైదరాబాదులో ఉంటాను. ఈ పదిహేను లక్షల్లో ఒక్క రూపాయి తీయగలనా? మా ఆఫీసులో ఒకతని నాన్నకి డిజిటల్ అరెస్టు అని వీడియో కాల్ చేశారు. మూడు రోజులు గదిలోంచి కదలనివ్వలేదు. పెద్దాయన రిటైర్మెంటు డబ్బంతా వాళ్ళు చెప్పిన ఖాతాకు పంపేశాడు. ఖాతాలో నా పేరుంటే, నా ఫోనుకు మెసేజీ వస్తే, నేను ఆపగలను కదా? పైగా ఎనిమిది పాయింటు రెండు అని మురిసిపోతున్నారు. ధరలు పెరగ్గా అందులో మిగిలేదెంత? సగమైనా మ్యూచువల్ ఫండ్లలో వేస్తే…”

“అది మాత్రం నాకు తెలియని లెక్కరా,” అన్నారు మాస్టారు.

నాకు తెలిసింది నేను చెప్పాను. జాయింటు ఖాతాలు రెండు రకాలు. ‘ఎ’ రకంలో ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు కదులుతుంది. ‘బి’ రకంలో ఎవరో ఒకరు పెడితే చాలు. ఆపదకు అక్కరకు వచ్చేది ‘బి’. కానీ అందులో పేరు చేర్చడమంటే మొత్తం డబ్బు తీసే హక్కు రేపటి నుంచే ఇచ్చేసినట్టు. నామినీ సంగతి అది కాదు. ఖాతాదారు కన్నుమూసేదాకా నామినీకి అందులో చెయ్యి పెట్టే వీల్లేదు. ఈ తేడా తెలియక సంతకాలు పెట్టేవాళ్ళను చాలామందిని చూశాను కాబట్టి, ఎవరు కొత్త ఫారం తెచ్చినా ఇది విడమరిచి చెబుతాను. సంతకం పెట్టించుకోవడానికి వెంట వచ్చిన పిల్లలకు ఒక్కోసారి కోపం వస్తుంది. వచ్చినా చెబుతాను.

మధ్యేమార్గం ఒకటి చూపించాను. స్కీము పొడిగించుకుని నామినీగా అబ్బాయి పేరు ఉంచండి. పొడిగించిన ఏడాది తర్వాత ఎప్పుడు మూసినా కోత ఉండదు. ఆపదకు పనికొచ్చేలా మాస్టారి దగ్గర విడిగా ఉన్న రెండు లక్షలు ‘బి’ రకం ఖాతాలో వేయండి, రెండో పేరు అబ్బాయిది.

అబ్బాయి సరేనన్నాడు. నిజానికి వాడు చాలా దిగొచ్చాడు. పదిహేను లక్షల నుంచి రెండు లక్షలకు.

మాస్టారు తల అడ్డంగా ఊపారు. “నామినీ రాయండి. రెండో పేరు వద్దు. రెండు లక్షలకూ వద్దు, రెండు వేలకూ వద్దు.”

అబ్బాయి మొహం ఎర్రబడింది. వరండాలో నలుగురూ చూస్తున్నారు. “ఒక్కగానొక్క కొడుకుని. నేనేమైనా దొంగనా నాన్నా? ఇన్నేళ్ళలో మిమ్మల్ని రూపాయి అడిగానా?”

“అడగలేదు.”

“మరి?”

మాస్టారు మాట్లాడలేదు. పొడిగింపు ఫారం మీద సంతకం చేయడానికి వంగారు. ఆయన సంతకం ఈ మధ్య పాతదానితో కలవడం లేదు. అందుకని ముందు ఒక చిత్తు కాగితం మీద రెండుసార్లు పెట్టి చూసుకుంటారు. రెండోసారి పెడుతుండగా అబ్బాయి అన్నాడు.

“మీకు మతిమరుపు వస్తోంది నాన్నా. ఒప్పుకోరు గానీ వస్తోంది. మొన్న పెన్షను డబ్బు బీరువాలో పెట్టి, కనపడటం లేదని పనిమనిషిని అడిగారు. ఆవిడ ఏడ్చుకుంటూ నాకు ఫోన్ చేసింది. రేపు ఈ పాసుపుస్తకం ఎక్కడ పెట్టారో కూడా మీకు గుర్తుండదు. అందుకే అడుగుతున్నాను.”

వాడు చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. కానీ నలుగురిలో పెద్దవాళ్ళను అనకూడని మాట ఏదన్నా ఉంటే అది ఇదే. ఆ ఒక్క ముద్ర పడ్డాక ఆ మనిషి ఏం చెప్పినా ఇంట్లో చెల్లదు.

మాస్టారు కలానికి మూత పెట్టేశారు. కాసేపు ఆ చిత్తు కాగితం వైపే చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

“ఇందిరా వికాస పత్రాలు మీ చేతుల మీదుగా అమ్మారా?”

అమ్మాను. 1986లో మొదలయ్యాయి, 1999లో ఆపేశారు. అయిదు వేల పత్రం రెండున్నర వేలకు ఇచ్చేవాళ్ళం. అయిదారేళ్ళలో, కొన్న ఏడాదిని బట్టి, సొమ్ము రెట్టింపయ్యేది. వాటికొక విశేషం ఉంది. పత్రం మీద కొన్నవాళ్ళ పేరుండదు. చేతిలో ఎవరికుంటే వాళ్ళదే, కరెన్సీ నోటులాగే. పోతే నకలు ఇవ్వరు. దొంగ తెచ్చినా, దొర తెచ్చినా గడువు తీరిన పత్రం కౌంటరు మీద పెడితే డబ్బు లెక్కపెట్టి ఇవ్వాల్సిందే. రైతులు వాటిని బాగా కొన్నారు.

“మా నాన్న కొన్నాడు,” అన్నారు మాస్టారు. ఈసారి కొడుకుతో. “మీ తాత. దుగ్గిరాల యార్డులో పసుపు అమ్మిన డబ్బు. రెండు పంటలవి కూడబెట్టి ఎనిమిది పత్రాలు, ఒక్కోటి అయిదు వేలది. ఆయనకు చదువు రాదు. తెచ్చి నా చేతికిచ్చాడు. ‘నీకు చదువొచ్చు, నీ బీరువాలో పెట్టరా’ అన్నాడు. వాటి మీద ఆయన పేరు లేదు, నా పేరూ లేదు. 1994లో గడువు తీరినవి తీరినట్టు ఎనిమిదీ మార్చుకున్నాను. ఆయనకు చెప్పలేదు. తిరిగి సర్దేద్దామనే అనుకున్నాను.”

అబ్బాయి నోరు మెదపలేదు.

“మరుసటేడు గట్టు మీద నుంచి జారి తుంటి విరిగింది ఆయనకి. గుంటూరు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాలన్నారు. ‘ఆ కాగితాలు తియ్యరా’ అన్నాడు. నా దగ్గరేముంది? ‘నాకెప్పుడిచ్చావు నాన్నా? నీకు మతిమరుపు వచ్చింది’ అన్నాను. మొదటిసారి ఒప్పుకోలేదు. బీరువాలో పై అరలో పెట్టావు, నేను చూశాను అన్నాడు. నేను లెక్కల మాస్టార్ని. ఊళ్ళో నా మాటకు విలువుంది. పదిమందిలో పదిసార్లు అనేసరికి నమ్మాడు. అమ్మ నమ్మింది, ఊరు నమ్మింది, చివరికి ఆయనా నమ్మాడు, తన మతే పోయిందని.”

“ఆపరేషన్?”

“కట్టు కట్టించాం. పుత్తూరు కట్టు వైద్యుడని చెప్పి ఎవరినో పిలిపించి కట్టించాం. అతకలేదు.”

అబ్బాయి బెంచీ మీద కూర్చున్నాడు. “తాతయ్య కాగితాలు…” అన్నాడు మెల్లగా. “నేనూ వెతికాను నాన్నా. సెలవులకు హాస్టలు నుంచి వచ్చినప్పుడల్లా నన్ను అటక ఎక్కించేవాడు. ధాన్యం గాదెలో దింపేవాడు. ఇంటికెవరొచ్చినా, ‘నా కాగితాలు ఎక్కడో పెట్టి మర్చిపోయానయ్యా, కనపడితే చెప్పండి’ అనేవాడు. మేమంతా నవ్వుకునేవాళ్ళం.”

“పోయేదాకా వెతికాడు,” అన్నారు మాస్టారు. “మూడేళ్ళు. కర్ర పట్టుకుని.”

ఎదురుగా క్యూలో ఉన్న ఆవిడ వంతు వచ్చినా లోపలికి వెళ్ళలేదు. మాస్టారు కవరులోంచి పాసుపుస్తకం బయటికి తీసి ఫారం పక్కన పెట్టారు.

“నీ మీద నమ్మకం లేక కాదురా. నువ్వు నా కంటే మంచివాడివి. చేతిలో అధికారం, ఇంట్లో అవసరం రెండూ ఒకేసారి ఉన్నప్పుడు కొడుకు ఏం చేస్తాడో నాకు తెలుసు. నేను చేశాను గనక తెలుసు. నీ అవసరం ఎప్పుడొస్తుందో నీకూ తెలియదు. అందుకని రెండో పేరు వద్దు.”

అబ్బాయి చాలాసేపు తల దించుకుని కూర్చున్నాడు. తాతని తలచుకున్నాడో ఏమో, తల ఎత్తేసరికి వాడి గొంతులో కోపం ఉంది.

“తుంటి విరిగిన మనిషికి వైద్యం లేకుండా చేసి, అంత డబ్బు ఏం చేశారు నాన్నా? నలభై వేలు! ఎవరికి పెట్టారు?”

“ఎంసెట్‌లో నీకొచ్చిన ర్యాంకుకు ఫ్రీ సీటు రాలేదుగా,” అన్నారు మాస్టారు. “1994లో నీ పేమెంటు సీటుకు కట్టింది ఆ డబ్బే.”