పాదం కింద ధన్వంతరి

మోకాలి నొప్పికి తిరుగులేని మందు కనిపెట్టలేక లోకమంతా తల పట్టుకున్న ఈ రోజుల్లో కుప్పం, పుంగనూరు, మదనపల్లె జనం అదృష్టమే అదృష్టం. మన చిన్న పట్నాల్లో ఏదో ఒక మేడ మీద ఒక హాలు అద్దెకు పోతుంది. వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, వాటి ముందు తూకం మిషన్ల మాదిరి పెట్టెలు. చెప్పులు విడిచి అరికాళ్లు ఆనిస్తే కరెంటు జివ్వున పిక్కల్లోకి ఎక్కుతుంది. పైసా అక్కర్లేదు. అరగంట కూర్చుని లేస్తే షుగర్ దిగుతుంది, బీపీ తగ్గుతుంది, పక్షవాతంతో పడిపోయిన చెయ్యి పైకి లేస్తుంది, థైరాయిడ్ సిగ్గుపడి తప్పుకుంటుంది. ఈ సంగతి ముందే తెలిసుంటే కుప్పంలో పీఈఎస్ మెడికల్ కాలేజీకి అంత భవనం కట్టేవాళ్లే కాదు. ఒక హాలు, నలభై కుర్చీలు సరిపోయేవి.

గోడకు అరికాలి పటం వేలాడుతుంటుంది. వేళ్ల దగ్గర మెదడు, నడిమధ్యలో కిడ్నీ, ఓ పక్కన కాలేయం. అవయవాలన్నీ సొంత ఇళ్లు ఖాళీ చేసి అరికాల్లో కాపురం పెట్టాయన్నమాట. మోకాలి నొప్పికి కరెంటు అరికాలికి ఎందుకు పెడుతున్నారని అడిగే మొండివాళ్లు అక్కడ ఎక్కువసేపు నిలవలేరు.

అడిగినా జవాబులు సిద్ధం. నొప్పి తగ్గిందా? మిషన్ మహిమ. పెరిగిందా? రోగం బయటికి పోతోంది, మంచి లక్షణం. ఏమీ తేడా లేదా? కోర్సు పూర్తి కాలేదు, ఇంకో నెల రావాలి. ఏ జవాబులోనూ మిషన్ ఓడదు. ఇంత పకడ్బందీ వాదన కోర్టుల్లోనూ వినబడదు.

ఇక రుజువులు. వారానికోసారి మైకు పట్టుకుని ఎవరో ఒకరు లేచి, "నడవలేకపోతా ఉంటి, ఇప్పుడు కొండెక్కతా ఉండా" అని చెప్పడం, మిగతావాళ్లు చప్పట్లు కొట్టడం. ఇది జరుగుతున్నది ఏ ప్రాంతంలో? మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1915లో క్షయరోగుల కోసం పుట్టిన ఆసుపత్రి అది. మన దేశంలో బీసీజీ టీకాలు 1948లో మొదలైంది మదనపల్లెలోనే. ఆ తర్వాత డాక్టర్ ఫ్రిమోట్-మోలర్ బృందం ఈ చుట్టుపక్కల పల్లెల్లోనే టీకా వేసినవాళ్లనూ వేయనివాళ్లనూ ఏళ్ల తరబడి వెంబడించి, పోల్చి, టీకా ఎంతవరకు కాపాడుతోందో లెక్కగట్టింది. అలాంటి నేల మీద ఇప్పుడు నలుగురి చప్పట్లే ప్రయోగశాల.

అయినా అక్కడికి వెళ్లే పెద్దవాళ్లను ఎగతాళి చేయడానికి నాకు నోరు రాదు. ఆ మోకాళ్లు ఊరికే అరగలేదు. మల్బరీ ఆకు కోసి, పట్టుపురుగుల తట్టలు మోసి, టమోటా తోటలో వంగిన నడుం ఎత్తకుండా పనిచేసి, మార్కెట్లో బాక్సులు ఎత్తి దించి అరిగాయి. కొడుకు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు. లేదా అక్కడే ఉండి, ఆదివారం ఫోన్ చేస్తాడు. హాలులో మాత్రం టై కట్టుకున్న పిల్లోడు రోజూ "అమ్మా, రాత్రి నిద్ర బట్టిందా? నాయనా, నిన్న రాలేదేం?" అని అడుగుతాడు. పేరు గుర్తుపెట్టుకుంటాడు. కాలు పట్టుకుని పెట్టె మీద పెడతాడు. అవ్వ అక్కడికి పోయేది కరెంటు కోసమని యజమాని కూడా అనుకోడు. ఆ "అమ్మా" అనే పిలుపు ఎంత ధర పలుకుతుందో అతనికి బాగా తెలుసు. కొన్ని వారాల తర్వాత ఆ పిలుపు చివర ఒక ఆర్డర్ ఫారం వస్తుంది. ఇంటికి మిషన్, పదుల వేలు. ఈఎంఐ ఉంది. కొనకపోతే బాధపడేది ఆ పిల్లోడేనన్నట్టు ముఖం పెడతాడు. అవ్వ మేకను అమ్ముతుంది.

మేడ ఎక్కలేనివాళ్లకు ఫోన్ ఉంది. కొన్ని వందల రూపాయలకే మడతపెట్టుకునే చాప, ఎనిమిదో పదిహేనో మోడ్‌లు, రిమోట్, సగం ధర, ఈ రాత్రికే ఆఖరు. సెకనుకు ఎన్నిసార్లు తడుతుందో, ఎన్ని మిల్లీఆంపియర్లు వదులుతుందో పెట్టె మీద ఎక్కడా ఉండదు. కరెంటు ఎంతో చెప్పకుండా కరెంటు అమ్మడం ఒక కళ.

నిజానికి కాలికింద కరెంటు కొత్తేమీ కాదు. రెండు వేల ఏళ్ల కిందట రోమ్‌లో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు, గౌట్ వాతం ఉన్నవాణ్ణి సముద్రపు ఒడ్డున తడిలో నిలబెట్టి, ప్రాణమున్న కరెంటు చేపను పాదం కింద పెట్టి, మోకాలిదాకా మొద్దుబారేవరకు ఉంచమన్నాడు. 1902లో అమెరికాలో సియర్స్ కంపెనీ తన కేటలాగులో 18 డాలర్లకు హైడెల్‌బర్గ్ ఎలక్ట్రిక్ బెల్టు అమ్మింది. నడుముకు కట్టుకుంటే మగవాళ్ల నరాల బలహీనతలు పోతాయట. మనం కొత్తగా కలిపింది ఈఎంఐ ఒక్కటే.

ఇంతా చేసి యంత్రానిది తప్పేం లేదు. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ఒక సిద్ధాంతం చెప్పారు. మోచెయ్యి గోడకు తగిలితే వెంటనే రుద్దుకుంటాం. స్పర్శను మోసే లావు నరాలు వెన్నుపాము దగ్గర, సన్న నరాలు తెచ్చే నొప్పి కబురుకు అడ్డుపడతాయి. ఫిజియోథెరపీ గదుల్లో టెన్స్ అని పిలిచే చిన్న మిషన్ చేసేది ఆ రుద్దుడే, కరెంటుతో. నొప్పి ఉన్నచోట అటూ ఇటూ ప్యాడ్‌లు అంటించి, సెకనుకు 80, 100 సార్లు తట్టేలా పెడితే, గట్టిగానే తెలుస్తూ నొప్పెట్టని తిమ్మిరి వస్తుంది. అది ఉన్నంతసేపు బాధ మందగించవచ్చు. 2022లో 381 పరిశోధనలను కలిపి చూసినవాళ్లు తేల్చింది అదే: పెట్టుకున్నప్పుడు, తీసిన వెంటనే నొప్పి తగ్గుతుంది. అదే ఏడాది బ్రిటన్‌లోని నైస్ సంస్థ, కీళ్ల అరుగుదలకు దీన్ని సూచించవద్దని డాక్టర్లకు చెప్పింది, మేలు చేస్తుందనడానికి ఆధారం చాలదని. వంటకు కూర్చోవడానికో, నిద్ర పట్టడానికో కాస్త వెసులుబాటు, అంతే. అరిగిన గుజ్జు మాత్రం మళ్లీ పుట్టదు.

ఆ కాస్తకు పదుల వేలు ఎందుకు? రెండు చానళ్ల టెన్స్ మిషన్ వెయ్యి నుంచి మూడు వేల రూపాయల్లో వస్తుంది. సెకనుకు ఎన్ని తట్లో, తీవ్రత ఎంతో అంకెల్లో కనబడాలి, మన చేత్తో తగ్గించుకునే వీలుండాలి. ప్యాడ్‌లు జిగురు పోయాక పారేయాల్సినవే కాబట్టి, మామూలు పిన్ను వైరుకు సరిపోయి, మందుల షాపులో మళ్లీ దొరికేవై ఉండాలి. లేకపోతే మిషన్ చవక, ప్యాడ్‌లకు తిరిగే చార్జీలు ప్రియం. ఇలాంటి వైద్య పరికరాలకు ఇప్పుడు లైసెన్సు తప్పనిసరి. ఆ నంబరు లేబుల్ మీద చూపించమనండి. చూపించేవాడి ముఖం కూడా చూడండి.

హాస్యం కాని మాట ఒకటి. షుగర్ తగ్గిస్తానని ఈ పెట్టె పిలిచేది ఎవరిని? ఏళ్ల షుగర్ వల్ల అరికాళ్లు మొద్దుబారినవాళ్లను. వాళ్లకు కరెంటు ఎంత తగులుతోందో తెలియదు, చర్మం కమిలినా తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా తాకకూడని వస్తువు ఇది. గొంతు ముందువైపు ఎవరూ పెట్టుకోకూడదు. హాలులో కాళ్లు పెట్టించే ముందు ఈ ప్రశ్నలు అడగరు. ఫోన్ నంబరు మాత్రం తప్పకుండా రాసుకుంటారు.

షుగరు, పక్షవాతం, కీళ్లవాతం నయం చేస్తామని ప్రచారం చేయడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. ఇది మందు కాదు, మిషన్ కదా అని వాదిస్తే చెల్లదు. శరీరం పనితీరును మార్చడానికి ఉద్దేశించిన ఏ వస్తువైనా, తిండి తప్ప, ఆ చట్టం దృష్టిలో మందే. తాయెత్తులనూ మంత్రాలనూ కూడా అందులోనే కలిపారు. డెబ్బై ఏళ్ల కిందట ఆ చట్టం రాసినవాళ్లకు మన సంగతి బాగానే తెలుసు.

మోకాలికి మొదటి వైద్యం తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం, బరువు ఉంటే తగ్గించుకోవడం. దీనికి మైకు పట్టేవాళ్లు లేరు, కమీషన్ రాదు కాబట్టి. నేర్పడానికి ఫిజియోథెరపిస్టు ఉంటారు. టెన్స్ కొనాలనుకుంటే ముందు వాళ్ల దగ్గర ఒకసారి పెట్టించుకుని, పనికొస్తేనే కొనండి. ఎక్కడ కొన్నా బిల్లు అడగండి. నయమవుతుందన్న మాటను కాగితం మీద రాసిమ్మనండి. బిల్లివ్వనంటే, మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. బెంగళూరులో ఉన్న కొడుకులకు ఒక్క మనవి: మీ అమ్మకు "రాత్రి నిద్ర బట్టిందా?" అని రోజూ ఫోన్ చేసి మీరే అడగండి.