ఎనిమిదో నంబరు గారికి

కుందలహళ్ళి, బెంగళూరు
ఆదివారం, రాత్రి 1.40

ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ గారికి,

నేనిక్కడ క్షేమం. నువ్వక్కడ క్షేమంగా ఉండాలని మాత్రం కోరుకోవడం లేదు. గారూ అనడం కూడా ఈ ఒక్కసారికే, వయసులో పెద్ద కదా అని. 1979 నాటి యునిక్స్ ఏడో ఎడిషన్‌లోనే పొరపాట్ల పట్టీలో ఎనిమిదో నంబరు నీది. ఇవాళ నా లినక్స్‌లోనూ నంబరు అదే, మాట అదే. మూడే ముక్కలు. ఇన్నేళ్ళలో నాలుగో ముక్క నేర్చుకోలేదు.

నీకు వినే అలవాటు లేదని తెలుసు. అందుకే నలుగురి ముందూ చెప్తున్నాను.

మాది కుందలహళ్ళి గేటుకి కాస్త లోపల, ఏఈసీఎస్ లేఅవుట్ పక్క సందులో 32 ఫ్లాట్ల బిల్డింగు. చుట్టుపక్కల ఎటు తిరిగినా పీజీ బోర్డుల మీద ఆంధ్రా భోజనం అని ఉంటుంది. మా లిఫ్టులో వినపడేది ఎక్కువగా తెలుగే. 2024 వేసవిలో బోర్లు ఎండి ట్యాంకర్ల మీద బతికినప్పుడు, ఏ రోజు ఎన్ని బండ్లు వచ్చాయో, ఎవరికి ఎంత ఇచ్చామో వాచ్‌మన్ నోటుబుక్కులో తప్ప ఎక్కడా లేదు. ఆ బుక్కు కాస్తా ఓ రోజు ట్యాంకరు పైపు కిందే తడిసి ముద్దయింది. అసోసియేషన్ సెక్రటరీ నెల్లూరాయన. "నువ్వు సాఫ్టువేరేగా నాయనా, ఏదో ఒకటి రాసిపెట్టకూడదా" అన్నాడు. రాసిపెట్టాను. చిన్న పైథాన్ ప్రోగ్రాం. బండి వచ్చిన టైము, లీటర్లు, డబ్బులు, మీటరు ఫొటో. ఫొటోలో అంకెలు అదే చదువుకుంటుంది.

దాన్ని ఎక్కడో ఒక చోట నడపాలి. నెలనెలా అద్దె కట్టేది అసోసియేషన్ కాబట్టి క్లౌడ్‌లో అన్నిటికంటే చవకది వెతికాను. ఆర్మ్ చిప్పు, 1 జీబీ ర్యామ్. ఆర్మ్ ఎందుకు చవకో సెక్రటరీకి చెప్పాల్సి వచ్చింది. 1985 ఏప్రిల్ 26న కేంబ్రిడ్జ్‌లో ఏకార్న్ కంపెనీకి మొదటి ఆర్మ్ చిప్పు వచ్చింది. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ కలిసి చేసిన డిజైను. ఎంత కరెంటు తాగుతుందో చూద్దామని ఫర్బర్ మీటరు పెడితే సున్నా చూపించింది. చిప్పు మాత్రం నడుస్తోంది. తీరా చూస్తే కరెంటు తీగే కలపలేదట! పక్క తీగల్లోంచి కారే కాస్త కరెంటుతోనే పని చేసేసింది. ఈ కథ విని సెక్రటరీ, "కరెంటు లేకుండా నడిచిందా? అదే తీసుకో" అన్నాడు. ఫైలు అక్కడితో పాసైంది.

ఆయనకి చెప్పని చరిత్ర ఇంకొంచెం ఉంది. ఫోన్లలో పెరిగిన ఈ చిప్పు పెద్ద సర్వర్లలోకి రావడానికి చాలాకాలం పట్టింది. లినక్స్‌లోకి 64 బిట్ ఆర్మ్ చేరింది 2012 చివర్లో. 2018లో అమెజాన్ తన సొంత ఆర్మ్ చిప్పు గ్రావిటాన్‌ని అద్దెకి పెట్టాక క్లౌడ్ లెక్కలు మారాయి. ఆ చిప్పు చేసింది 2015లో అమెజాన్ కొన్న ఇజ్రాయెల్ కంపెనీ. పేరు అన్నపూర్ణ ల్యాబ్స్. పేరేమో హిమాలయ శిఖరానిది. మా సందు చివర మెస్సు ఆయనకి చెప్తే నమ్మడు.

ఇక మన పరిచయం.

నా ల్యాప్‌టాప్ పాత ఎక్స్86ది. దాని మీదే ప్రోగ్రామంతా ఒక డాకర్ ఇమేజిగా కట్టి పంపాను. కింద వేసుకున్న లినక్స్ ఆల్పైన్. ఎందుకంటే అది 5 ఎంబీ, నాకు అదో గొప్ప. సర్వరులో స్టార్ట్ నొక్కాను. వచ్చావు. అంతకు ముందు లైన్లోనే ప్లాట్‌ఫాం కలవడం లేదని డాకర్ ఒక హెచ్చరిక వేసింది. నేను చదవలేదు. ఆ తప్పు నాదే, నీ ఖాతాలో వెయ్యను.

నీ పని నాకు తెలియక కాదు. లినక్స్‌లో నడిచే, కంపైల్ చేసిన ప్రతి ప్రోగ్రాం ఫైలుకీ తలమీద ఎల్ఫ్ అని ఒక రాత ఉంటుంది. అందులో పద్దెనిమిదో బైటు దగ్గర, ఇది ఏ జాతి చిప్పు కోసం కట్టిందో ఒక అంకె రాసి ఉంటుంది. 64 బిట్ ఎక్స్86కి 62. ఆర్మ్ 64కి 183. కెర్నెల్ ఆ అంకె చూస్తుంది. తనది కాకపోతే లోపలికి రానివ్వదు, నిన్ను బయటికి పంపుతుంది. నేను పంపింది 62, అక్కడున్నది 183. అంతే గొడవ. ఆ రెండు అంకెలూ నీ చేతిలోనే ఉన్నాయి కదా! "నువ్వు 62, నేను 183" అంటే నోరు నొప్పి పుడుతుందా?

2023లో మెట్రో వచ్చాక, కుందలహళ్ళి స్టేషను బోర్డు మీద కన్నడ అక్షరాల్ని మనవాళ్ళు తలకట్టు తేడాగా ఉన్నా చదివేస్తున్నారు. రెండు లిపులూ ఒకప్పుడు ఒకటే మరి. హళ్ళి అంటే మన పల్లె. పాలు హాలు, పులి హులి, పాము హావు, పండు హణ్ణు. ప తీసి హ పెట్టుకుంటే సగం కన్నడం వచ్చేసినట్టేనని ఇక్కడికొచ్చిన ప్రతి తెలుగువాడూ మొదటి నెలలో అనుకుంటాడు. (రెండో నెలలో ఆటో ఆయన ఆ భ్రమ తీరుస్తాడు.) చిప్పుల మధ్య ఆ మాత్రం చుట్టరికం కూడా లేదు. ఒకదానికి కూడిక అయిన బైట్లు రెండోదానికి శుద్ధ చెత్త.

మధ్యలో క్యూఎమూ అని ఒక దుబాసీ ఉంటాడు. ఎక్స్86 మీద కూర్చుని ఆర్మ్ మాటల్ని ముక్కముక్కా తర్జుమా చేస్తూ నడిపిస్తాడు. రెండోసారి ఇమేజిని డాకర్ బిల్డ్‌ఎక్స్ పెట్టి ఆయన చేతనే ఆర్మ్ కోసం కట్టించాను. నిజానికి ముందు సర్వరు మీదే కడదామనుకున్నాను. ఫొటోలు చదివే లైబ్రరీకి ఆర్మ్ ఆల్పైన్ మీద తయారుగా కట్టి ఉంచిన ప్యాకేజీ దొరకలేదు. పిప్ మూలం నుంచి కంపైల్ మొదలుపెట్టింది. 1 జీబీ ర్యామ్‌కి ఊపిరాడక, కెర్నెల్ కంపైలర్ని చంపేసి 'కిల్డ్' అని ఒక్క మాట రాసి వెళ్ళిపోయింది. నీకంటే మితభాషి. అందుకని పని ల్యాప్‌టాప్‌కి, దుబాసీ చేతికి వచ్చింది. గంటన్నర. ఫ్యాను గోలకి మా ఆవిడ లేచొచ్చి ఏం ఉడుకుతోందని అడిగింది.

అంతా అయ్యాక ఈసారి మీ తమ్ముడొచ్చాడు. నాట్ ఫౌండ్. ఫైలు ఎదురుగా ఉంది, ఎల్ఎస్ కొడితే కనిపిస్తోంది. నడపమంటే లేదంటాడు. ఫొటోలు కుదించడానికి తెచ్చుకున్న ఒక తయారీ ప్రోగ్రాం, జీలిబ్‌సీ అనే సి లైబ్రరీ మీద కట్టింది. ఆల్పైన్‌లో ఉండేది మజిల్. ప్రోగ్రాం మొదలవ్వగానే వెతుక్కునే లోడరు ఫైలు ఆల్పైన్‌లో ఆ పేరుతో ఉండదు. లేనిది ఆ లోడరు. మీ తమ్ముడు మాత్రం ప్రోగ్రామే లేదని చెప్పి చక్కాపోయాడు. ఇంట్లో ఉన్న మనిషిని తలుపు దగ్గరే లేడనేసే రకం. మీ వంశంలోనే ఉంది ఇది.

అప్పుడు నాకొకటి తట్టింది. తేలిక, తేలిక అని తెచ్చుకున్నాను గానీ, ఆల్పైన్ దించేసిన బరువు ఎక్కడికీ పోలేదు, నా శనివారం మీదికి వచ్చింది. ఆల్పైన్ చెడ్డదని అనను. దాని మీద పెట్టేదంతా సొంతంగా కట్టుకునేవాళ్ళకి అది ముచ్చటైన వస్తువే. నాలాగా నాలుగు చోట్ల నుంచి నాలుగు తెచ్చి పెట్టుకునేవాడికి డెబియన్ స్లిమ్ చాలు. అది 75 ఎంబీ అటూఇటూ ఉంటుంది. సర్వరు డిస్కు 8 జీబీ. మిగతా 70 ఎంబీ నేను ఎవరి కోసం దాస్తున్నట్టు? మార్చేశాను. లైబ్రరీ తయారు ప్యాకేజీ దొరికింది, కంపైలర్ అవసరమే రాలేదు. అదే తలరాత, అదే 183, అదే చవక చిప్పు. ఆర్మ్‌తో నాకు ఏ పేచీ లేదు, ఎప్పుడూ లేదు.

ఇక ఈ రాత్రి సంగతికి వస్తాను. ఈ ఉత్తరం దీని కోసమే.

పదకొండున్నరకి చివరిసారి ఇమేజి పంపాను. మళ్ళీ నువ్వే. సరే, మళ్ళీ 62 దూరిందనుకున్నాను. సర్వరు చిప్పేదో చెప్పే యునేమ్ కమాండు కొట్టి చూశాను, ఆర్మే. పైథాన్ ఫైలు తలరాత చూశాను, 183. లైబ్రరీలన్నీ విప్పి చూశాను, 183, 183, 183. పాత ఇమేజీలన్నీ చెరిపేసి మళ్ళీ కట్టాను. నువ్వు కదల్లేదు. ఒంటిగంట దాటాక, ఏం తోచక, మొదట నడిచే చిన్న షెల్ స్క్రిప్టు తెరిచాను. మొదటి లైను ఖాళీ. సాయంత్రం ఫోనులో ఏదో దిద్దుతూ ఒక ఎంటర్ ఎక్కువ కొట్టినట్టున్నాను. ఇది స్క్రిప్టని కెర్నెల్‌కి చెప్పే #! ఉండాల్సింది ఫైలు మొదటి రెండు బైట్లలో. అది రెండో లైన్లోకి జారింది. కెర్నెల్‌కి అది ఎల్ఫ్ ఫైలూ కాదు, స్క్రిప్టూ కాదు. ఎనిమిదో నంబరు!

ల్యాప్‌టాప్ టెర్మినల్‌లో అదే స్క్రిప్టు నడిచింది కూడా. అక్కడ బ్యాష్, నీ మాట విన్న తర్వాత, సరేలే ఇది స్క్రిప్టేనేమో అని తనే తీసి చదివేసి నా తప్పు కప్పిపుచ్చింది. డాకర్ దగ్గర అలా సర్దిచెప్పే పెద్దమనిషి లేడు. చిప్పు జాతి వేరైతే నువ్వే, ఒక ఖాళీ లైనుకీ నువ్వే. కడుపునొప్పికీ కాలి బెణుకుకీ ఒకే మాత్ర ఇచ్చే వైద్యుడి దగ్గరికి ఎన్నాళ్ళని వెళ్ళను?

డిలీట్ ఒక్కసారి నొక్కాను. సర్వరు లేచింది. పొద్దున్నే ఆరింటికి మొదటి ట్యాంకరు వస్తుంది. వాచ్‌మన్ ఫోన్లో పేజీ తెరిచి పెట్టి ఉంచాను.

ఇట్లు,
183 పక్షాన ఒక అద్దెదారు

తా.క.: ఈ ఉత్తరం పోస్టు చేసేలోపు సోమవారం అయింది. ఆఫీసులో కొత్తగా చేరిన విజయవాడ అమ్మాయి స్క్రీను మీద మళ్ళీ కనిపించావు. "అన్నా, ఇదేంటి" అంది. నాకు తెలుసన్న ధీమాతో మొదటి లైను చూడమన్నాను. ఖాళీ లేదు, #! ఉండాల్సిన చోటే ఉంది. ఆ అమ్మాయి మ్యాక్ ఆర్మ్‌ది, మా ఆఫీసు సర్వరు ఎక్స్86. ఈసారి 183 వెళ్ళి 62 తలుపు కొట్టింది.