తలకి రెండొందలు

రాయ్‌పుర్‌కి సముద్రం లేదు. ఉన్నదల్లా ఖారూన్ నది. అయినా ఓడ డెక్కు మీద సరుకు ఎలా కట్టాలో చెప్పే పుస్తకం రాయ్‌పుర్ చదవాల్సిందే. ఎందుకంటారా? ఛత్తీస్‌గఢ్ బియ్యం, ఇనుము ఓడెక్కేది మన కాకినాడ, విశాఖ రేవుల్లోనే కదా. తెల్లవాడు విశాఖ రేవుని దృష్టిలో పెట్టుకుని 1931 నాటికే రాయ్‌పుర్ నుంచి విజయనగరానికి రైలు మార్గం వేశాడు. మనవాళ్లు ఇప్పుడు ఆరు వరుసల రోడ్డు వేస్తున్నారు. దారి ఘనమే. సరుకు కట్టే తాడు దగ్గరే వచ్చింది తంటా.

సముద్రం మీద సరుకంటే రాజభోగం. అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 1991లోనే దానికో నియమావళి రాసింది. కంటైనర్లు మోసే ప్రతి ఓడలోనూ ఆమోదం పొందిన మాన్యువల్ ఉండాలి. ఏ పెట్టె ఎక్కడ, ఏ మూలకి ఏ తాళం, ఏ కడ్డీకి ఎంత బిగువు? అన్నీ అందులో ఉంటాయి. డెక్కు మీద దుంగలు పేర్చాలా? శీతల మండలాల్లో చలికాలమైతే ఓడ వెడల్పులో మూడో వంతుకి మించి ఎత్తు పేర్చకూడదు. తూకం ధ్రువీకరించని కంటైనర్‌ని 2016 జులై నుంచి ఓడ ఎక్కనివ్వరు.

సముద్రం పతివ్రత అనడం లేదు. 2020 నవంబరులో వన్ ఏపస్ అనే ఓడ పసిఫిక్‌లో 1,800కి పైగా కంటైనర్లను నీళ్లపాలు చేసింది. కానీ 2026 జనవరి 1 నుంచి ఒక్క డబ్బా జారిపడినా కెప్టెన్ నోరు విప్పి తీరాలి. చుట్టుపక్కల ఓడలకి, దగ్గరి తీర దేశానికి, తన జెండా దేశానికి కబురు పెట్టాలి. డబ్బా గురించి!

ఇక మన డెక్కు చూద్దాం. రాయ్‌పుర్ శివార్లలో సిల్తరా ఫ్యాక్టరీల దగ్గర రోడ్డు పక్కన కాసేపు నిలబడండి. లారీ తొట్టి అయిపోతుంది, ఇనప చువ్వలు అయిపోవు. గుంత వచ్చినప్పుడల్లా కొసలు కిందికీ పైకీ ఊగుతాయి. కొసన ఓ ఎర్రగుడ్డ. ఎర్రదని మనం అనుకోవాలి, మసి పట్టి అదీ చువ్వ రంగులోకే తిరిగింది. అర్ధరాత్రి వెనకాల బైకు మీద వచ్చే కుర్రాడికి అది కనబడుతుందా? చువ్వలు మీటరు దాకా బయటికి పొడుచుకు రావచ్చన్న వెసులుబాటుని 2014లోనే ఎత్తేశారు. 2019లో జరిమానా 20 వేలు చేశారు. పాపం, ఈ సంగతి చువ్వలకి ఎవరూ చెప్పినట్టు లేదు.

అధిక లోడు ఆపారా? ఆపలేక 2018లో పరిమితినే పెంచేశారు, దాదాపు 20 నుంచి 25 శాతం. పొట్ట తగ్గకపోతే మొలతాడు వదులు చేసుకున్నట్టు! పెంచిన దాని మీద మళ్లీ ఎక్కించుకున్నారనుకోండి, అది వేరే ముచ్చట.

సరే, ఇనుము సంగతి వదిలేద్దాం. మనుషుల మాటేమిటి? 2024 మే 20న ఛత్తీస్‌గఢ్‌లోనే కవర్ధా దగ్గర తునికాకు కూలీల పికప్ లోయలో పడింది. 19 మంది పోయారు. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఇంకేముంది, మారిపోతుందనుకున్నాం. ఏడాది తిరగలేదు. 2025 మే 11 రాత్రి రాయ్‌పుర్–బలౌదాబజార్ రోడ్డు మీద, సారాగావ్ దగ్గర, పురుడు వేడుక నుంచి జనం తిరిగొస్తున్న లారీ, ఓ ట్రైలర్ ఢీకొన్నాయి. 13 మంది చనిపోయారు. ఎక్కువ మంది ఆడవాళ్లూ పిల్లలే. సానుభూతి ఠంచనుగా వచ్చింది. పరిహారం ప్రకటన కూడా.

లారీ ఎందుకెక్కారని ఏసీ కారు అద్దం దించి అడిగే పెద్దమనుషులున్నారు. ఊరికి బస్సేది మహాప్రభో? సభలకి జనాన్ని తోలుకెళ్లేది ఈ తొట్టిలోనే కాదా? ఆ పూట ఏ ఆర్టీవో చెయ్యి అడ్డం పెట్టాడు?

మనమేదో మెరుగని మీసం తిప్పక్కర్లేదు. అదే ఛత్తీస్‌గఢ్ కూలీలు ఖమ్మం, భద్రాద్రి మిరప చేలకి వస్తారు. పొద్దున్నే వాళ్లని చేను దగ్గర దించే బండి వంక ఓసారి చూడండి. కాళ్లు బయట, కాయల బస్తాలు లోపల.

చివరికి లెక్కల మాస్టారి ప్రశ్న ఒకటి. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక టన్ను ఇనుము అదనంగా ఎక్కిస్తే జరిమానా 20 వేలు, ఆ పైన ఆ టన్నుకి మరో 2 వేలు. అదే మనుషుల్ని ఎక్కువ ఎక్కిస్తే తలకి 200. మనిషి 50 కిలోలనుకుంటే టన్నుకి 20 మంది. అంటే 4 వేలు. టన్ను ఇనుముకి 22 వేలు, టన్ను మనుషులకి 4 వేలు. ఏది లాభసాటి లోడు?

జవాబు దొరక్కపోతే జనవరి దాకా ఆగండి. రోడ్డు భద్రతా మాసం వస్తుంది. చౌరస్తాలో బ్యానర్ కడతారు. దాన్ని మాత్రం నాలుగు మూలలా లాగి, ముడి మీద ముడి వేసి, ఊడి రాకుండా కడతారు.