కుడిపక్క 32, ఎడమపక్క 26

పేట్ బషీరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తు పెద్దమనిషిని "ఎట్లున్నరు సార్?" అని అడిగితే "కుడిపక్క 32, ఎడమపక్క 26" అంటాడు. కంగారుపడకండి, పక్షవాతం కాదు. ఆయన చెప్పింది తన ఒంటి సంగతి కాదు, చిన్నూ పెట్టెలో వేడి సంగతి. చిన్నూ అంటే బాల్ పైథాన్. పశ్చిమాఫ్రికా వైపు జాతి, విషం లేదు, భయమేస్తే బంతిలా చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది. ఇలాంటి మనుషులు హైదరాబాద్ అంచుల్లో అక్కడక్కడా తగులుతారు. ఎక్కడ తగిలినా పేరొకటే, పాము సార్.

పాము సార్‌కు చట్టం కంఠతా వచ్చు. మన నాగుపామునో జెర్రిపోతునో ఇంట్లో పెంచుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊరుకోదు. విదేశీ పామైతే 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చిన్నూ కాగితాలు లామినేషన్ చేయించి ఫైల్లో పెట్టాడు. కొడుకు బర్త్ సర్టిఫికెట్ ఎక్కడుందో మాత్రం ఇల్లాలినే అడగాలి.

పాముకు ఒంట్లో సొంత వేడి పుట్టదు. వెచ్చటి చోటికి పాకి ఒళ్లు కాచుకుంటుంది, చాలనిపిస్తే చల్లటి మూలకు జరుగుతుంది. మరీ చల్లబడితే తిన్నది అరక్క కక్కేస్తుంది. అందుకే పెట్టెలో ఒక పక్క వెచ్చన, ఒక పక్క చల్లన ఉండాలి. అంతే, తక్కినది పామే చూసుకుంటుంది. సార్ చూసుకోనివ్వడు. పెట్టె కింద హీట్ మ్యాట్, దాన్ని అదుపులో పెట్టడానికి థర్మోస్టాట్, థర్మోస్టాట్ అబద్ధమాడుతుందేమోనని ఒక థర్మామీటరు, ఆ రెండిటికీ తగవొస్తే తీర్పు చెప్పడానికి ఇన్‌ఫ్రారెడ్ గన్ను. ఆ గన్నుతో ఇడ్లీలనూ, వాచ్‌మన్ నుదుటినీ కూడా కొలిచాడు. పిల్లాడికి 101 జ్వరమని ఇల్లాలు చెబితే, "అంటే 38.3. హాట్ స్పాట్ పెరిగిందన్నమాట" అన్నాడట. ఆ రాత్రి సార్ హాల్లో పడుకున్నాడు.

అసలు తమాషా ఎండాకాలంలో చూడాలి. ఈ సరంజామా, సలహాలు చాలావరకు చలిదేశాల్లో పుట్టినవి. పామును ఎలా వేడెక్కించాలో చెబుతాయి గానీ, మే నెలలో స్లాబు కింద గది దానంతటదే కుంపటయితే ఏం చెయ్యాలో చెప్పవు. అప్పుడు హీట్ మ్యాట్ ప్లగ్గు పీకేసి ఉంటుంది. పెట్టె 35 దాటితే పాము ప్రాణానికే ముప్పు. సార్ ఏసీ పెట్టించాడు. ఏసీకి గాలి పొడిబారి కుబుసం ముక్కలుముక్కలుగా ఊడింది. తేమ 60 శాతం ఉండాలని హ్యుమిడిఫయర్ తెచ్చాడు. గోడకు బూజు పట్టింది. గాలిదుమారం లేచి కరెంటు పోతే ఇన్వర్టరు ఏసీని మోయదు కాబట్టి, తడి తువ్వాళ్లతో, ఐసు నీళ్ల సీసాలతో సార్ పెట్టె చుట్టూ ప్రదక్షిణాలు.

"మేమేమో ఫ్యాన్ కింద ఉడుకుతున్నం, గా పురుగుకేమో ఏసీనా?" అంటుంది అత్తగారు. అన్న నోటితోనే నాగుల పంచమినాడు పెట్టెకు పసుపు కుంకుమ పెడుతుంది. గాలి రంధ్రాల్లో పసుపు పడిందేమోనని సార్ టార్చి వేసి చూస్తాడు.

చలికాలం బాధ వేరు. చిన్నూ తిండి మానేస్తుంది. ఈ జాతి ఆరోగ్యంగా ఉంటూనే నెలల తరబడి తినకుండా ఉండగలదు. ఆ సంగతి మనకు చెప్పిందీ సారే. అయినా ఆయనకే ముద్ద దిగదు.

ఇంతటి పాము ప్రేమికుడూ, వానాకాలంలో సెల్లారులోకి జెర్రిపోతు వస్తే కారెక్కి అద్దాలు బిగించుకుని ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి ఫోన్ కొట్టాడు. హైదరాబాద్‌లో ఇళ్లలోకొచ్చిన పాముల్ని 1995 నుంచీ కాపాడుతున్న సంస్థ అది. వాళ్ల మనిషొచ్చి దాన్ని సంచిలో వేసుకునేదాకా సార్ దిగలేదు. "భయమా సార్?" అని వాచ్‌మన్ అడిగాడు.

"భయం కాదు. దానికి ఎన్ని డిగ్రీలు కావాలో నాకు తెలీదు" అన్నాడు.

నన్నడిగితే ఆ ఇంట్లో సుఖపడేది చిన్నూ ఒక్కటే, అదీ సార్ ఆఫీసుకు వెళ్లినప్పుడు. మిమ్మల్ని ఎప్పుడైనా భోజనానికి పిలిస్తే తప్పక వెళ్లండి. సార్ మర్యాదస్తుడు, ఇల్లాలి చేతివంట అమృతం. ఐసు ముక్కలు కావాలంటే మాత్రం ఫ్రీజర్ మీరు తెరవకండి, ఆయన్నే అడగండి. రెండో అరలో కవర్లలో ఉన్నవి ఎలుకలు.