తువ్వాల కడ్డీ

కరీంనగర్ గ్రానైట్ ఎంత గట్టిదో దాన్ని అమ్మేటోళ్లకన్న దాని మీద పడ్డోనికి బాగ తెలుస్తది. మా దిక్కు గుట్టల్ని దిమ్మెలు దిమ్మెలుగ కోసి, రైలెక్కించి కాకినాడ రేవుకు పంపిస్తరు. అక్కడికెల్లి ఓడలెక్కి చైనా దాక పోతది. అట్ల పోంగ మిగిలిన టాన్ బ్రౌన్ రకం ముక్క ఒకటి, మెరుగు పెట్టింది, మా బాత్రూంల పరిచి ఉన్నది.

ఇల్లు కట్టినప్పుడు నేను షాబాద్ బండలే ఏపిచ్చిన. చూసెతందుకు అంత సోకుగ ఉండకపోయేది గని కాలు జారకపోయేది. నాలుగేండ్ల కింద డల్లాస్‌ల ఉన్న మా కొడుకు "బాపూ, ఇంకా ఆ పాత బండలేంది?" అని పైసలు పంపి అద్దమసొంటి గ్రానైట్ ఏపిచ్చిండు. అండ్ల మొఖం చూసుకోవచ్చు. పోయిన కార్తీకంల ఒకనాడు పొద్దుగాల నేను మరీ దగ్గరికెల్లి చూసుకున్న.

పడేటప్పుడు మనిషి చెయ్యి ఊకుండదు, ఏది దొరికితే దాన్ని పట్టుకుంటది. నాకు తువ్వాల కడ్డీ దొరికింది. రెండు చిన్న స్క్రూల మీద నిలబడ్డ ఆ కడ్డీ ఇన్నేండ్లు తడి తువ్వాలను మోసింది గని, డెబ్బై రెండు కిలోల రిటైర్డ్ లెక్కల సారును మోస్తనని నాకు ఎన్నడూ మాటియ్యలే. ఇద్దరం కలిసే కిందికొచ్చినం.

చప్పుడు ఇని మా ఇంటామె తలుపు కాడికి ఉరికొచ్చి "ఏం పలిగింది?" అని అడిగింది.

"నేనే" అన్న.

బొక్కయితే ఇరగలే. నడుము పట్టింది, మోచెయ్యి కమిలింది. నేను లేసి లుంగీ సదురుకునేలోపట్నే సంగతి డల్లాస్ పోయింది, అక్కడికెల్లి మంచిర్యాలల మా బిడ్డకు చేరింది. మాపటికి రెండు దిక్కులకెల్లి ఒక్కటే మాట. ఇల్లు కిరాయికిచ్చి మా దగ్గరికి రాండ్రి! డల్లాస్‌ల ఇంతకుముందు ఆర్నెల్లున్న. తొవ్వ పొంటి నడుద్దామంటే మాట్లాడెతందుకు మనిషి కనవడడు. మంచిర్యాలల బిడ్డ ఇల్లు మూడో అంతస్తుల ఉన్నది, లిఫ్టుకు నాకన్న ఎక్కువ సుస్తీ. "మా ఇంట్ల మేముంటం" అన్న. "అయితే మేం చెప్పినట్టు ఉండాలె" అన్నరు.

వారం దినాల్ల డబ్బలు దిగినయి. ఒక దాంట్ల గడియారం. మనిషి పడ్డట్టు దానికి అనుమానమొస్తే చేతి మీద వణుకుతది. మనం ఏమీ అనకుంటే కొడుక్కు ఫోన్ చేస్తది. ఆదివారం నాడు మా అరుగు మీద రమ్మీ ఆడుతం. పైసలు లేవు, పౌరుషమే పందెం. ఆ మధ్యాన్నం నాకు మంచి ముక్కలొచ్చినయి. "షో!" అని చెయ్యెత్తి ఆఖరి ముక్కను నేలకేసి కొట్టిన. గడియారం వణికిందట. ఆ సంబురంల నాకేం తెలుస్తది? మనకు రెండు కొట్టింది, డల్లాస్‌ల అర్ధరాత్రి రెండున్నర.

"బాపూ! పడ్డవా?"

"లేదు బిడ్డా, గెలిచిన."

ఆ గడియారం ఇప్పుడు బీరువాల ఉన్నది. అక్కడ అది పడే ప్రమాదం లేదు.

నడుము నొప్పి తగ్గకుంటే ఫిజియోథెరపీకి పోయిన. లోపటికెల్లి వచ్చిన డాక్టరు "సార్, గుర్తువట్టిన్రా?" అన్నడు. ఎందుకు గుర్తువట్టను, ఏడో తరగతిల ఎక్కాలు రాక నా కుర్చీ పక్కపొంటి రోజూ గుంజీలు తీసిన పోరడే! కాళ్లు మొక్కిండు. మొక్కి, పరీక్ష పెట్టిండు. కుర్చీలకెల్లి లేసి, పదడుగులు నడిచి, మళ్లొచ్చి కూసోవాలె. పన్నెండు సెకండ్లు, అంతకన్న ఎక్కువ పడితే మనిషి పడే జాతిల చేరినట్టేనని అమెరికాల సీడీసీ అనే సర్కారు ఆరోగ్య సంస్థ లెక్కనట. నాకు పదహారు పట్టింది. తొవ్వల గోడ మీద ఉన్న బొక్కల బొమ్మను చూసినందుకు రెండు సెకండ్లు తీసెయ్యమని అడిగిన. "మీరెప్పుడన్న మాకు తీసేసిన్రా సార్?" అన్నడు.

మందు చీటీ చూసి ఒక్కొక్కటి అడిగిండు. రాత్రి బీపీ గోలీ ఏసుకుంటున్నరా? మూత్రానికి లేసినప్పుడు మంచంల నుంచి ఎకాఎకిన నిలవడుతున్నరా? అట్ల నిలవడితే బీపీ ఒక్కపారి కిందికి దిగి కండ్లు తిరుగుతయట. ముందుగాల మంచం పట్టె మీద ఒక నిమిషం కూసుండి, కాళ్లాడించి, అప్పుడు లేవాలె. నిద్ర గోలీలు సొంతంగ ఏసుకోవద్దు, అవి పొద్దుగాల దాక కాళ్లను మత్తుల ఉంచుతయి. ఇదంతా చెప్పి, మొఖం మీద ఒక తృప్తి పెట్టుకొని ఆఖరుకన్నడు: "కుర్చీల కూసునుడు, చేతులు ఆనియ్యకుంట లేసుడు. పూటకు పది, రెండు పూటల. గుంజీలే అనుకోండి సార్."

ముప్పై మూడేండ్లు పంచిన గుంజీలు నాకు వడ్డీతో తిరిగొచ్చినయి.

ఈ కూసునుడు లేసుడు మీద బ్రెజిల్‌ల కూడ పరీక్ష చేసిన్రు. 51 నుంచి 80 ఏండ్లున్న రెండువేల మందిని నేల మీద కూసోబెట్టి లేపిన్రు. కూసుంటే ఐదు మార్కులు, లేస్తే ఐదు. చెయ్యి ఆనిస్తే ఒకటి కోత, మోకాలు ఆనిస్తే ఇంకోటి, ఊగితే అర. తక్కువ మార్కులొచ్చినోళ్లల్ల తర్వాతి ఏండ్లల్ల ఎక్కువ మంది పోయిన్రని 2012ల అచ్చేసిన్రు. ఇంటికొచ్చి చాప మీద నేను కూడ రాసిన. పదికి నాలుగొచ్చినయి, అండ్ల ఒకటి మా ఇంటామె దయతలిచి కలిపింది. లేసుడు మాత్రం సప్లిమెంటరీలనే పాసయిన.

మా అవ్వకు ఈ పరీక్ష పెడితే బ్రెజిలోళ్లే సిగ్గుపడుదురు. ఆదిలాబాద్ జిల్ల బోథ్ దిక్కు మా సొంతూరు. పొయ్యి కాడ కూసుండి లేసుడు, ఇసుర్రాయి కాడ కూసుండి లేసుడు, గట్క తినేకాడ కూసుండి లేసుడు. ఎనభై దాటినంక కూడ నేలకెల్లి లేసేకాడ ఎవ్వరి చెయ్యి అడగలే. ఇట్ల చెప్తుంటే పాతకాలమే బంగారమన్నట్టు ఉంటది గని, అట్లేం లేదు. అవ్వకు రెండు కండ్లల్ల మోతిబిందు వచ్చింది. "ముసల్తనానికి కండ్లెందుకురా" అన్నది, మేం కూడ సరే అన్నం. ఆఖరు ఆరేండ్లు గడప కనవడక మంచం ఇడవలే. కాళ్లున్నయి, తొవ్వ లేదు. 2018ల కంటి వెలుగు అని సర్కారోళ్లు ఊరూరికొచ్చి కండ్లు చూసి అద్దాలిచ్చేనాటికి అవ్వ లేదు. నాకు మోతిబిందు తీసినప్పుడు అర్ధగంట కూడ పట్టలే. ఆ అర్ధగంట యాదికొస్తే ఇప్పటికీ మనసున పట్టదు.

మల్ల బాత్రూంకు వస్త. డాక్టరు చెప్పినట్టు గోడకు గట్టి కడ్డీ బిగిద్దామని ప్లంబర్‌ను పిలిచిన. పొడుగు స్క్రూలతోని ఇటుకలోపటికి దిగాలె, మనిషి బరువాపాలె అని పాఠం చెప్పినట్టు చెప్పిన. అన్నీ ఇని, గోడ మీద నెత్తికన్న ఎత్తున గీత గీసి "ఈడ పెడుదునా సార్, తువ్వాల మంచిగ ఆరుతది" అన్నడు. కమోడు పక్కపొంటి, కూసుంటే చెయ్యందే ఎత్తుల పెట్టిపిచ్చే వరకు పొద్దుగూకింది. గ్రానైట్ మీద గరుకు పట్టీలు అంటిపిచ్చిన. తెల్లారి పోయి చూస్త గద, కొత్త కడ్డీ మీద మా ఇంటామె తడి చీర ఉన్నది.

చేతికట్టె సంగతి వేరే. డాక్టరు కొనమన్నడు. నేను ఛత్రి కొన్న. కట్టె పట్టుకుంటే ముసలోడంటరు, ఛత్రి పట్టుకుంటే ముందుచూపున్నోడంటరు. మాఘమాసంల కూడ ఛత్రి తోనే మానేరు డ్యాం కట్ట మీద నడుస్తున్న. అక్కడ మా జట్టుల ఒకాయన రోజూ "మన పనయిపోయింది సార్" అంటడు. మన వంగర పీవీని యాది చేస్త. 1991ల పోటీ కూడ చెయ్యకుంట ఢిల్లీల మూటాముల్లె సదురుకున్న మనిషి, డెబ్బై నిండెతందుకు వారం ఉన్నదనంగ ప్రధానమంత్రయిండు. ఆదిలాబాద్‌ల సామల సదాశివ సారుకు 'స్వరలయలు' పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 2011ల వచ్చింది, అప్పుడాయనకు ఎనభై మూడు. "మనల్ని పిలిస్తే పాలపాకిట్ తెమ్మనెతందుకే పిలుస్తరు సార్" అంటడు మా దోస్తు. అదైనా మేలే. రోజూ మెట్లు దిగి పాలపాకిట్ తెచ్చేటోనికి కాళ్లు ఆడుతనే ఉంటయి.

గడియారం బీరువాల పెట్టినంక కొడుకు కోపం చేసిండు. వానికి మా ఎదురింటి పెద్దవ్వ సంగతి చెప్పిన. ఒక కొడుకు దుబాయిల, ఒకడు మస్కట్‌ల. ఒక్కతే ఉంటది. పొద్దుగాల ఆరు కాకముందే వాకిలూడ్చి సాన్పు సల్లి ముగ్గేస్తది. వాకిలి ఎండగ కనవడితే పాల పిలగాడు తలుపు కొట్టాలె, లోపటికెల్లి పలుకు రాకుంటే మా ఇంట్ల తాళంచెవి ఉన్నది. పోయిన చలికాలం ఒకనాడు అట్లనే తలుపు తీసినం. జ్వరం తోని మంచంల ఉన్నది. దవాఖానకు తీస్కపోయినం, మూడొద్దులకు మల్ల ముగ్గేసింది. ఈ పద్ధతికి చార్జింగ్ పెట్టే పని లేదు. మా కొడుకు కాసేపు ఏమనలే. తర్వాత మెల్లగ "మన తాళంచెవి ఎవరి దగ్గరున్నది బాపూ?" అన్నడు. ఎవరి దగ్గరా లేకుండె. మర్నాడే పెద్దవ్వకు ఇచ్చొచ్చిన.

ఇప్పుడు కుర్చీ పరీక్షల నా లెక్క పదమూడు సెకండ్ల కాడ ఉన్నది. సప్లిమెంటరీ ఇంకా రాస్తనే ఉన్న.

ఇది సదివిన మీరు అరవై దాటినోళ్లయినా, అసొంటోళ్లు ఇంట్ల ఉన్నోళ్లయినా, ఇయ్యాల రాత్రి పండుకునే ముందు మీ బాత్రూంల తువ్వాల కడ్డీని ఒక్కపారి గట్టిగ గుంజి చూడుండ్రి. ఊడి చేతికొస్తే సంబురపడుండ్రి, మీరు నిలవడి ఉన్నప్పుడే వచ్చింది.