సబ్బు ఒకటి, తువ్వాళ్ళు ఒకటిన్నర

విశాఖ మద్దిలపాలెంలో మీకో రెండు పడక గదుల ఫ్లాటు ఉంది. కొన్నప్పుడు అబ్బాయి కోసం అన్నారు. అబ్బాయి డల్లాస్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. నెల అద్దెకిస్తే గోడలకి మేకులు కొడతారని మీ ఆవిడ ఒప్పుకోలేదు. ఎదుటి బ్లాకాయన రోజు అద్దెకిచ్చి నవ్వుతూ తిరుగుతున్నాడు కాబట్టి మీరూ సర్వీస్ అపార్ట్‌మెంట్ పెడదామని తేల్చుకున్నారు.

చోటు మంచిదే. ఓ పక్క ఆంధ్రా యూనివర్సిటీ, ఓ పక్క హైవే. పరీక్ష రాసేవాళ్ళు, కేజీహెచ్‌లో మనిషిని చేర్చినవాళ్ళు, సింహాచలం మొక్కున్నవాళ్ళు, అరకు వెళ్ళేవాళ్ళు, ఏడాది పొడుగునా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ప్రకటనలో ‘బీచ్‌కి నడిచి వెళ్ళొచ్చు’ అని రాశారు, చూశాను. వెళ్ళొచ్చు. నడిచేది మనం కానప్పుడు 115 కిలోమీటర్ల అరకు కూడా నడిచే దూరమే.

ఇక సామాను సర్దాలి. సూత్రం చాలా సులువు. ఇంట్లో వాడుకోడానికి పనికిరాదు, పారేయడానికి మనసొప్పదు అనిపించిన ప్రతి వస్తువూ ఫ్లాటుకి పంపండి.

వంటగదితో మొదలుపెడదాం. ఇళ్ళల్లో వాడే 14.2 కిలోల ఎర్ర సిలిండరు వ్యాపారానికి పెట్టకూడదు. 19 కిలోల కమర్షియల్ సిలిండరు కొనడానికి చెయ్యి రాదు. అందుకని ఇండక్షన్ స్టవ్వు పెట్టండి. దాని పక్కన అమ్మమ్మగారి నాటి హిండాలియం గిన్నెలు పేర్చండి. ఆ స్టవ్వు అయస్కాంతం అంటుకునే గిన్నెనే వేడి చేస్తుంది, అల్యూమినియం జాతిని లెక్కచెయ్యదు. అతిథి రాత్రి పదింటికి పాప కోసం పాలు పెట్టి మీట నొక్కుతాడు. స్టవ్వు కీచుమంటుంది. మళ్ళీ నొక్కుతాడు. మళ్ళీ కీచు. మీకు ఫోను చేస్తే, ‘అదేటండీ, మాకు బాగానే పనిచేస్తాది కదా’ అనండి.

పట్టకారు పెట్టకండి. ఉంటే వంట చేసేస్తారు.

కంచాలకి మాత్రం మనకి లోటు లేదు. పెళ్ళికీ, గృహప్రవేశానికీ స్టీలు సామాను ఇవ్వడం, దాని మీద పేర్లు కొట్టించి మరీ ఇవ్వడం మన ఆచారం కదా. అటక మీంచి దింపండి. విజయవాడ నుంచి వచ్చిన కుటుంబం ఒక్క పూట భోజనంలో మీ మూడు తరాలూ చదివేస్తుంది. ఒక కంచం మీద ఫలానా చిరంజీవి ఉపనయనానికి పిన్ని, బాబాయిల కానుక. ఇంకోదాని మీద పెదనాన్నగారి షష్టిపూర్తి. మూడోదాని మీద ఎప్పుడో ఎత్తేసిన చిట్టీల కంపెనీ వారి దీపావళి శుభాకాంక్షలు. పెరుగన్నం దగ్గరకి వచ్చేసరికి తేదీ కూడా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఫ్లాటులో ఉండవలసిన అతి ముఖ్యమైన వస్తువు, తాళం వేసిన బీరువా. అది పడక గదిలో, మంచానికి ఎదురుగా ఉండాలి. అతిథి ఇద్దరు మనుషులకి ఒక తువ్వాలూ, రెండో తువ్వాలులో మిగిలిన సగమూ పట్టుకుని దానివైపు చూస్తూ నిలబడాలి. లోపల ఏమున్నాయో మనకి తెలుసు. కవరు విప్పని దుప్పట్లు, మెత్తటి తువ్వాళ్ళు, బోరోసిల్ గ్లాసులు, ఒక డిన్నర్ సెట్టు. చుట్టాలొస్తే తీద్దామని దాచినవి.

ఈ దాచుడు ఫ్లాటుతో రాలేదు. మా ఇంట్లోనూ షోకేసులో కప్పులు బోర్లించి ఉంటాయి, మేం చెవి విరిగిన కప్పుల్లో టీ తాగుతాం. పిల్లలు ముట్టుకుంటే ‘చుట్టాలొచ్చినప్పుడు’ అని కసురుతాం. చుట్టాలొస్తారు. ఒక పూట ఉండి, షుగరుంది టీ వద్దంటారు. కప్పులు మళ్ళీ బోర్లా పడుకుంటాయి. ఊరికే వచ్చేవాళ్ళ కోసం అంత ప్రేమగా దాచినదాన్ని, రొఖ్ఖం ముందే కట్టి వచ్చినవాడికి ఎందుకు తియ్యబుద్ధి కాదో నాకు అంతుపట్టదు. డబ్బు తీసుకున్నాం కాబట్టి ఇక మర్యాద బాకీ లేదనుకుంటామేమో. వేళకాని వేళ వచ్చినవాళ్ళకీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి గురించి చెప్పుకుని పొంగిపోయే జనమే ఇది. బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టుకున్నాం. బీరువా తాళంచెవి మాత్రం బొడ్డున దోపుకున్నాం.

డబ్బూ మర్యాదా అంటే గుర్తొచ్చింది, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిపోయాక ఈ ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయిల్లో నీళ్ళు లేవు, పాలపాకెట్ల కోసం వరసలు కట్టాం. జనరేటరు ఉన్నవాళ్ళలో కొందరు ముక్కూమొహం తెలియని వాళ్ళ ఫోన్లు కూడా చార్జింగుకి పెట్టించుకున్నారు. కొందరు దానికీ డబ్బు తీసుకున్నారు. ఎవరెవరో వీధికి ఇప్పటికీ గుర్తుంది.

సరే, బాత్రూము. సబ్బు కొనకండి, మీ సొరుగు లాగండి. ఊటీ, షిర్డీ, మున్నార్ హోటళ్ళ నుంచి సంచిలో వేసుకొచ్చిన బుల్లి సబ్బులు, షాంపూ సీసాలు, దువ్వెనలు, షవర్ క్యాపులు కుప్పగా ఉంటాయి. ఒక్కటీ వాడలేదు. అయినా గది ఖాళీ చేసే ముందు బాత్రూములోకి ఇంకోసారి తొంగి చూసి వచ్చినవాళ్ళమే మనందరం. వాటిని ఫ్లాటులో పెడితే అతిథి తన సంచిలో వేసుకుంటాడు. ఆయనకీ ఎక్కడో ఒక ఫ్లాటు ఉండే ఉంటుంది. ఈ లెక్కన మున్నార్ సబ్బు ఒంటికి నీరు తగలకుండా దేశం చుట్టి వస్తుంది. కాలిఫోర్నియాలో హోటళ్ళు ఇలాంటి బుల్లి ప్లాస్టిక్ సీసాలు ఇవ్వకూడదని 2019లో చట్టం చేసి, 2023లో పెద్ద హోటళ్ళతో అమలు మొదలుపెట్టారు. దాంతో గోడకి బిగించిన పెద్ద డబ్బాలొచ్చాయి. ఈ పద్ధతి మనకీ నచ్చుతుంది. డబ్బాలో సగం నీళ్ళు కలిపితే కనిపించదు.

దోమల మందు మిషనుకి ఎర్రలైటు వెలిగితే చాలు, సీసాలో మందు అక్కర్లేదు.

బిస్కెట్లు పళ్ళెంలో విప్పి పెట్టండి. మన సముద్రపు గాలికి సాయంత్రానికల్లా మెత్తబడతాయి, రెండోది ఎవరూ తీసుకోరు. ఉప్పుడబ్బాకి మూత పారేయండి. అగ్గిపెట్టె కిటికీలో ఉంచండి.

చీపురు దాచండి. ఋషికొండ బీచ్‌లో మునిగి వచ్చినవాళ్ళు కాళ్ళతో బోలెడు ఇసుక తెస్తారు. చీపురు అడిగితే, లక్ష్మీదేవి అండీ, ఎక్కడపడితే అక్కడ ఉంచకూడదు అనండి. ఇసుకకి మర్నాడు క్లీనింగ్ చార్జి వెయ్యొచ్చు.

కాఫీ దగ్గర జాగ్రత్త. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే పారిస్‌లో దాని పేరుతో దుకాణం తెరిచారు. ఆ కాఫీ దిగివచ్చే ఊరు మనది. కాబట్టి కిరాణా కొట్లో తోరణంగా వేలాడే ఇన్‌స్టంట్ సాచెట్లు మూడు చింపి పెట్టండి, నలుగురు వస్తారనగా. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇద్దరు కుర్రాళ్ళు ఇంటద్దె కట్టలేక హాల్లో గాలి పరుపులు పరిచి ముగ్గురికి చోటిచ్చారు, పొద్దున్నే తినడానికీ పెట్టారు. ఇలాంటి రోజు అద్దెల కంపెనీ ఎయిర్‌బీఎన్‌బీ అలా పుట్టింది. మనం వాళ్ళకన్నా మంచి పరుపే వేశాం. తినడానికంటారా, కిందికి దిగితే టిఫిన్ బండి.

చివరిది, పైసా ఖర్చులేని సరుకు. దసరాకీ, క్రిస్మస్ సెలవులకీ కోల్‌కతా నుంచి బెంగాలీ కుటుంబాలు వస్తాయి. వాళ్ళు వండుకునే మనుషులు. ఎంవీపీ కాలనీ రైతుబజారులో కూరలు, ఇంకెక్కడో చేపలు పట్టుకొస్తారు. వంటగదిలో ఆవనూనె లేదని చూసి, మిమ్మల్ని అడగకుండా వెళ్ళి కొనుక్కుంటారు. పాపం, గిన్నె కూడా కొనుక్కుంటారు, స్టవ్వు సంగతి తెలిశాక. వెళ్ళేటప్పుడు మిగిలిన నూనె, పసుపు, సగం గోధుమపిండి, కొత్త పీచు, సీలు తీయని టీపొడి గట్టు మీద సర్ది, ‘తరవాత వచ్చేవాళ్ళకి’ అని చీటీ పెట్టి వెళ్ళేవాళ్ళూ ఉంటారు. చీటీ తీసేయండి. సరుకులు వరసగా పేర్చి ఫొటో తీసి, ప్రకటనలో ‘వంటసామాను ఉచితం’ అని పెట్టండి. అద్దె ఇంకో వంద పెంచినా అడిగేవాడు లేడు.